కోళ్ళకు కొన్న బియ్యం

"తల్లి పిడికిలిలోనే దేవుని రాజ్యం ఉన్నది!" అని సామ్రాజ్యమ్మగారు ప్రకటించారు.

ప్రకటించిన స్థలం, అల్లూరుకు తూర్పున సముద్రం వైపు ఉన్న రేవుపేట చర్చి. సందర్భం, స్త్రీల సమాజం కూటం. కాలం, 1962 ఏప్రిల్, మిట్టమధ్యాహ్నం. విన్నవాళ్ళు ఇరవైముగ్గురు తల్లులు. ఆ క్షణాన వాళ్ళ పిడికిళ్ళలో దేవుని రాజ్యం లేదు. ఒకరి పిడికిలిలో విసనకర్ర ఉంది, ఒకరి పిడికిలిలో పారిపోబోయే బిడ్డ చొక్కా ఉంది.

అయినా అందరూ ఆమేన్ అన్నారు. అధ్యక్షురాలు ఆమె. అనక చస్తారా!

పిడికిలి మాట ఊరికే రాలేదు. ఆ సంఘంలో ప్రతి తల్లీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వెయ్యాలి. ఆదివారం ఆ డబ్బా తెచ్చి చర్చిలో పెద్ద గంపలో కుమ్మరించాలి. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషను బియ్యం, నూకలు, అన్నీ ఆ గంపలో సమానమే. పేటలో సమానత్వం అమలైన చోటు అదొక్కటే. ఆరాధన కాగానే ఆ బియ్యం వేలం వేస్తారు. అన్నీ కలిసిన బియ్యం గనక అంగడి ధరలో సగానికే వచ్చేస్తుంది.

అయితే ఒక మర్యాద ఉంది. కానుక బియ్యం కొనేవాళ్ళు ఎవరూ తినడానికి కొనరు. కోళ్ళకు కొంటారు!

"మూడు శేర్లు నాకెయ్యన్నా, మా కోళ్ళకి."

"నాకు అయిదు. కోళ్ళు ఎక్కువైనాయి."

పేట మొత్తం మీద ఉన్న కోళ్ళు పదకొండు. వాటిలో రెండు పొదుగుతున్నాయి, ఒకటి కుంటిది. ఈ పదకొండు కోళ్ళూ వారానికి బస్తా బియ్యం తింటున్నాయి. అంత తిన్న కోడి ఒక్కటీ గేదెంత కాలేదేమని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే సహవాసం.

ఎలిశబెతు కూడా కోళ్ళకే కొనేది. ఆమె ఇంట్లో కోడి లేదు. అయిదుగురు పిల్లలున్నారు. మొగుడు దావీదు ఉప్పు కయ్యల్లో కూలి. వాన పడితే ఉప్పు కరుగుతుంది, ఉప్పుతోపాటు కూలీ కరుగుతుంది. ఒక్క గుడ్డును పులుసులో గిలక్కొట్టి అయిదుగురికీ గుడ్డు తిన్నామనిపించడం, పెద్దదాని పావడాలో చిన్నదానికి గౌను తీసి, మిగిలిన పీలికతో చంటివాడికి టోపీ కుట్టడం ఆమె విద్యలు. ఈ విద్యలకు పట్టా ఇచ్చే కాలేజీ ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు. పెడితే అందులో మేష్టర్లుగా మళ్ళీ మగవాళ్ళే చేరతారు, అది వేరే సంగతి.

సామ్రాజ్యమ్మగారు కాయితం విప్పి అసలు సంగతిలోకి వచ్చారు. నెల్లూరు బాలికల హాస్టలులో మన సంఘానికి ఒక ఉచిత సీటు వచ్చింది. తిండి, బట్టలు, హైస్కూలు చదువు, అన్నీ ఉచితం. ఆదర్శ క్రైస్తవ గృహిణిని ఎన్నుకొని ఆమె కూతురికి ఈ సీటు ఇవ్వబడును. ఎన్నిక కమిటీ ఇంటింటికీ వచ్చి, భోజనం చేసి, పరిశీలించును.

"నియమాలు రెండు. ఒకటి, కుటుంబం బీదదై ఉండవలెను. రెండు, బీదతనం కంటికి కనిపించరాదు!"

తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంటే ఎట్టమ్మా?" అని ఎవరో వెనకనుంచి అడిగారు.

"అంటే అట్టే!" అని సామ్రాజ్యమ్మగారు కాయితం మడిచేశారు.

ఎలిశబెతుకు మాత్రం చెవుల్లో హాస్టలు గంట మోగింది. పెద్దకూతురు సుగుణ అయిదు పాసైంది. ఊళ్ళో బడి అయిదుతో సరి. ఆపైన నెల్లూరే. సీటు రాకపోతే వచ్చే నాట్లకు సుగుణ పొలంలో వంగుతుంది. ఒకసారి వంగిన నడుము మళ్ళీ బల్లమీద కూర్చోదని ఎలిశబెతుకు తెలుసు. తాను వంగింది పదకొండో ఏటనే.

ఇద్దరు తల్లులే దరఖాస్తు పెట్టారు. మిగతావాళ్ళు "మేం బీదవాళ్ళమా ఏంది!" అని మానుకున్నారు. మొదటి ఇంట్లో అన్నం సగం మెత్తగా, సగం పలుకుగా ఉంది. అది ఏ బియ్యమో నోట్లో పడగానే తెలిసిపోతుంది. "బీదతనం కనిపించినది" అని రాసేసుకుని కమిటీ చెయ్యి కడుక్కుంది.

రెండో ఇల్లు ఎలిశబెతుది.

కమిటీ అంటే ఇద్దరే. సామ్రాజ్యమ్మగారు, కార్యదర్శి ఏసుమణి. ఏసుమణి పేటలో పంతులమ్మ. సామ్రాజ్యమ్మగారు ఏది చెబితే అది రిజిస్టర్లో రాస్తుంది. దగ్గినా రాస్తుంది.

ఎలిశబెతు గడపకు పసుపు లేకపోయినా పేడనీళ్ళతో అలికి, పక్కింటి రైతు భార్య ఆదిశేషమ్మ దగ్గర రెండు కుర్చీలు తెచ్చి వేసింది.

"కుర్చీలు ఇస్తుండా గానీ, మీ దొరసాని బరువు ఆపుతాయో లేదో చెప్పలేను మే!" అంది ఆదిశేషమ్మ.

ఆపాయి. ప్రశ్నలు మొదలైనాయి.

"పిల్లలెందరు?"

"అయిదుగురమ్మా."

"అయిదుగురా! పొదుపు అన్నిటిలోనూ ఉండవలె కదా!"

"దేవుడిచ్చినాడమ్మా. వద్దని వెనక్కిచ్చేదానికి లేకపాయ."

"మాంసం వారానికి ఎన్నిసార్లు?"

ఎలిశబెతు తడబడింది. రెండుసార్లంటే మొదటి నియమం పోతుంది. లేదంటే రెండో నియమం పోతుంది.

"వండినప్పుడల్లా తింటామమ్మా."

ఏసుమణి నవ్వు ఆపుకోలేక రిజిస్టరు అడ్డం పెట్టుకుంది.

"పిల్లలకు పాలు?"

"ఇస్తే తాగుతారమ్మా. మంచి పిల్లకాయలు."

సామ్రాజ్యమ్మగారు దీనికి ఏం వంక పెట్టాలో తెలియక అన్నం వడ్డించమన్నారు.

ఇక్కడ ఎలిశబెతు రహస్యం ఒకటి చెప్పాలి. ఆమె కూడా ఆవేళ కానుక బియ్యమే వండింది. కానీ అందరిలా కడిగి కుండలో పారెయ్యలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం చాపమీద పిల్లల్ని కూర్చోబెట్టి ఏరించేది. జల్లెడలో దిగినవి సన్నవి, నిలిచినవి దొడ్డువి, చాట చెరిగితే రాలినవి నూకలు. దొడ్డువి ముందు నానబెట్టి ఎసట్లో పోసేది. అవి సగం ఉడికాక సన్నవి పోసేది. నూకలు రాత్రి జావకు. అన్నం దించేసరికి మెతుకు మెతుకూ ఒకే తల్లి బిడ్డల్లా ఉండేది. ఎవరూ నేర్పలేదు. చంటితనంలో సుగుణ పలుకు కొరికి ఏడుస్తుంటే చూడలేక తానే కనిపెట్టింది.

చింతచిగురు, ఎండురొయ్యల కూరతో సామ్రాజ్యమ్మగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచారు.

"మొలగొలుకులు!" అన్నారు. నెల్లూరు సీమలో కలిగినవాళ్ళు తినే సన్నబియ్యం పేరు అది.

ఎలిశబెతు చేతిలో గరిటె ఆగిపోయింది.

"మా ఇంట్లో మొలగొలుకులు తప్ప వేరే బియ్యం గడప దాటదు. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! ఇంకొంచెం వెయ్యి."

వేసింది. మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ వేసింది. ఎలిశబెతు మనసు పొంగిపోయింది. పదేళ్ళుగా ఆ అన్నం వండుతున్నా బాగుందన్న మనిషి ఇంతవరకూ లేదు. దావీదు ఉప్పు సరిపోయిందీ లేనిదీ మాత్రం చెబుతాడు, అది అతని వృత్తి. "కోళ్ళ బియ్యమమ్మా" అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. పొగడ్త మరీ తియ్యగా ఉండి నోరు రాలేదు.

శనివారం బావి దగ్గర ఏసుమణి చాటుగా చెప్పింది.

"నీ అన్నమే నీ కొంప ముంచింది ఎలిశక్కా! 'మొలగొలుకులు తినే కుటుంబం, బీదది కాదు' అని రాయించినాది. రెండు దరఖాస్తులూ కొట్టేసినాది. సీటు వెనక్కి పంపిస్తాదంట."

"వెనక్కా! ఎందుకే?"

"మా సంఘంలో బీదవాళ్ళు లేరు అని నెల్లూరికి రాస్తే సంఘానికి గౌరవమంట!"

ఎలిశబెతు బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది. సుగుణ ఎర్రమట్టితో పాత ఇనప్పెట్టెకు రంగు పూస్తోంది. హాస్టలుకు పట్టుకుపోవడానికట! ఎలిశబెతు ఏమనాలో రాత్రంతా ఆలోచించింది. నిజం చెబితే తన వంటిల్లు బయట పడుతుంది. తనదొక్కటే కాదు, పేటలో ఉన్న కోళ్ళన్నీ బయట పడతాయి. చెప్పకపోతే పెట్టె ఇంట్లోనే ఉంటుంది, సుగుణ పొలంలో ఉంటుంది.

ఆదివారం ప్రసంగం అయింది. క్రీస్తురాజు పాస్టరుగారు ఆ ఊరికి వచ్చి రెండు నెలలే అయింది గనక అన్నీ నిజమనుకునేవారు. ఆయన పిలవగా సామ్రాజ్యమ్మగారు లేచి తీర్మానం చదివారు.

"మన సంఘంలో బీదలు లేరని తెలియజేయుటకు సంతోషించుచున్నాము!"

ఆడవాళ్ళ వైపు చాపమీద నుంచి ఎలిశబెతు లేచింది. ఆరాధనలో ఆడది తీర్మానానికి అడ్డం లేవడం ఆ చర్చి కట్టినప్పటినుంచి లేదు. మగవాళ్ళ వైపు దావీదు తలకాయ మోకాళ్ళలో పెట్టుకున్నాడు.

"అయ్యగారూ! మా ఇంట్లో అమ్మగారు తిన్నది మొలగొలుకులు కాదు. కోళ్ళ బియ్యం. ఈ గంపలోదే!"

చర్చిలో ఈగ కూడా కోళ్ళు లేని ఇంటిదేమో, చప్పుడు చెయ్యలేదు.

"కోళ్ళా? మీకు కోళ్ళున్నాయా అమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"కోళ్ళు లేవయ్యగారూ. పిల్లకాయలుండారు. వాళ్ళకే కొంటుండా. నాకు సిగ్గేస్తుండాది, అయినా చెబుతుండా. నా బిడ్డ చదవాల."

అందరూ తమ తమ కోళ్ళు గుర్తొచ్చి నేలచూపులు చూశారు. సామ్రాజ్యమ్మగారి మొహం కందిపోయింది. మొలగొలుకులకూ గంప బియ్యానికీ తేడా తెలియని మనిషినని ఊరంతా అనుకుంటే ఎట్లా! గొంతు సవరించుకున్నారు.

"నాకు తెలియదనుకొంటివా! మొదటి ముద్దకే గుర్తుపట్టితిని. కానుక బియ్యమేనని తెలిసియే, నీ పరువు కాపాడుటకు మొలగొలుకులంటిని!"

ఆడవాళ్ళందరూ ఔరా అనుకున్నారు. పాస్టరుగారికి మాత్రం నిజంగానే ఆశ్చర్యం వేసింది. పాపం, ఆయన అమాయకంగానే అడిగారు.

"అంత బాగా వండినా గుర్తుపట్టినారా! మీ ఇంట్లో మొలగొలుకులు తప్ప వేరే బియ్యం గడప దాటవని అంటారు కదమ్మా, కానుక బియ్యం రుచి మీకెట్లా తెలిసింది?"

సామ్రాజ్యమ్మగారు నోరు తెరిచారు.

మగవాళ్ళ ముందువరసలో ఆమె భర్త జ్ఞానప్రకాశంగారు కూర్చుని ఉన్నారు. తాలూకా కచ్చేరీలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు పెండింగులో పెట్టడం ఆయన వల్ల కాదు. లేచి నిలబడి చేతులు కట్టుకున్నారు.

"మూడేళ్ళుగా తింటుండాం గదండీ! పెన్షను యాడ చాలతాది? మా పనిమనిషి చేత ఈమే కోళ్ళకని తెప్పిస్తుండాది. గుర్తుపట్టకుండా ఎట్టుంటాది?"

చెప్పాల్సింది చెప్పి కూర్చున్నారు.

మొదట ఏసుమణి నవ్వింది. తర్వాత చాపలన్నీ నవ్వాయి. వెనక వరసలో ఒక పెద్దమనిషి, "అయితే నేనూ చెబుతుండా, మా ఇంట్లో ఉండేది ఒక్క కోడి, అదీ పోయిన క్రిస్మస్‌కి కూరైపోయినాది!" అని అరిచాడు. పాస్టరుగారికి ఇప్పటికి అర్థమైంది. ఆయన ప్రభువు బల్ల వైపు తిరిగి నవ్వుకున్నారు.

నవ్వనిది ఇద్దరే. సామ్రాజ్యమ్మగారు, ఎలిశబెతు.

ఎలిశబెతుకు ఆమెను చూస్తే జాలేసింది. దగ్గరికి వెళ్ళి మెల్లిగా, "దొడ్డువి ముందు నానబెట్టాలమ్మా. రేపొచ్చి చూపిస్తా," అంది.

సామ్రాజ్యమ్మగారు ఆమెను పైనుంచి కిందికి చూశారు. కొంగు సర్దుకున్నారు. అధ్యక్షురాలు అధ్యక్షురాలే!

"ఏసుమణీ! రిజిస్టరు తియ్యి. పాతది కొట్టెయ్యి. ఎలిశబెతు కూతురు సుగుణకు సీటు. కారణాలు రాయి. ఒకటో నియమం, కుటుంబం బీదది. రుజువు, కానుక బియ్యం కొందురు."

"కోళ్ళకనా అమ్మా?"

"మనుషులకే అని రాయవే!"

ఏసుమణి రాసింది. "రెండో నియమం అమ్మా? బీదతనం కంటికి కనిపించరాదు."

సామ్రాజ్యమ్మగారు ఒక్క క్షణం ఆలోచించారు.

"మూడుసార్లు వడ్డించుకున్నా నాకు కనిపించలేదని రాయి."