చుక్క డీజిల్ తాగని అంబులెన్సు

"ఇకమీదట కొండ అవతలి ఊళ్ళలో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా, చుక్క డీజిల్ కాల్చకుండా పెద్దాసుపత్రికి చేరతారు. ఒక్కసారి చార్జింగ్ పెడితే చాలు, బండి కొండెక్కి దిగొస్తుంది, మళ్ళీ ఎక్కి వెనక్కి పోతుంది. ఇది నా మాట కాదు, సైన్సు మాట!"

రవాణా మంత్రిగారు ఇలా ప్రకటించినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది శాఖలోని పరీక్షల ఇంజనీరుగారు. సైన్సు ఆ మాట ఇంకా అనలేదని ఆ హాలు మొత్తంలో తెలిసింది ఆయనొక్కరికే. అందుకే ముందుగా కొట్టారు.

ఇంజనీరుగారు సామాన్యుడేమీ కాదు. ఎలక్ట్రిక్ బండి ఒక చార్జింగ్‌తో ఎంత దూరం పోతుంది, ఎందుకు పోదు అన్న విషయం మీద డాక్టరేటు చేసిన మనిషి. టైర్లో గాలి కాస్త తగ్గితే ఎంత కరెంటు దండగో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. ఎవరూ లేపలేదు. శాఖలో ఆయన్ని చాటుగా 'కరెక్టే సార్' అని పిలిచేవారు. పైవాళ్ళు ఏమన్నా ఆయన నోట్లోంచి మొదట వచ్చే మాట అదే. రెండో మాట చెప్పేలోపు పైవాళ్ళు వెళ్ళిపోయేవారు.

అంబులెన్సు మొదటి పరీక్ష షెడ్డులో జరిగింది. బండిని రోలర్ల మీద ఎక్కించి ఉన్నచోటనే చక్రాలు తిప్పారు. ఎండ లేదు, వాన లేదు, ఎత్తు లేదు, పల్లం లేదు. హీటరు కట్టేశారు. స్ట్రెచరు తీసేశారు. సన్నటి గట్టి టైర్లు వేసి దిట్టంగా గాలి కొట్టారు. బండి అంగుళం కూడా కదలకుండా మంత్రిగారు చెప్పిన దూరమంతా పోయింది.

ఈ ఘనకార్యం చూడటానికి మంత్రిగారు స్వయంగా వచ్చారు. టైర్ల దగ్గర ఆగి మొహం చిట్లించారు.

"ఏంటయ్యా ఇవి, సైకిల్ టైర్లలా? అంబులెన్సును చూడగానే రోగికి సగం జబ్బు నయమైపోవాలి. వీటిని చూస్తే ఉన్న ప్రాణం కాస్తా పోతుంది."

"కరెక్టే సార్. కాకపోతే టైరు వెడల్పయ్యి, దాని మీది గాట్లు లోతయ్యేకొద్దీ దొర్లడానికి ఎక్కువ..."

"ఎక్కువ హుందాగా ఉంటుంది. నేననేదీ అదే."

"కరెక్టే సార్."

అదృష్టం బాగుండి, అడవుల్లో దుంగలు లాగే బండ్లకు వేసే లావుపాటి టైర్లు మంత్రిగారి బావమరిది గోడౌన్ నిండా మూలుగుతున్నాయి. ప్రజాసేవకు అవి వెంటనే ముందుకొచ్చాయి.

"నా ఫోటో ఏదీ?" అన్నారు మంత్రిగారు.

"పక్కన అంటిస్తున్నాం సార్."

"పక్కన అంటిస్తే ఎదురొచ్చేవాడికి ఎలా కనబడతానయ్యా? టాపు మీద నిలబెట్టండి. నిలువెత్తు."

ఎదురుగాలికి అడ్డుపడుతుందని ఇంజనీరుగారు లోలోపల గొణిగారు. లోలోపలే అనుకున్నారు గానీ కాస్త బయటికొచ్చింది.

"బతుకంతా ఎదురుగాలిలోనే నిలబడ్డానయ్యా," అన్నారు మంత్రిగారు గద్గద స్వరంతో. పక్కనున్న పీఏ కళ్ళు తుడుచుకున్నాడు.

రెండో పరీక్ష కొండ రోడ్డు మీద. ఆ రోజు చలి, పైగా జడివాన. మంత్రిగారు విలేకరులతో కొండ మీది అతిథి గృహంలో ఎదురుచూస్తున్నారు. బండి సగం ఎక్కి ఆగిపోయింది. ఇంజనీరుగారు వానలో నిలబడి ఫోన్ చేశారు.

"సార్, చార్జింగ్ అయిపోయింది. చలికి బ్యాటరీ సరిగ్గా పని చెయ్యట్లేదు. ఎక్కుడు దారి, తడి రోడ్డు, ఈ టైర్లు..."

"నువ్వు వాతావరణ శాఖలో పని చేస్తున్నావా?"

"లేదు సార్."

"మరి వానతో నీకేం పని? బండిని పైకి తీసుకురా. ఎలా తెస్తావో నాకు చెప్పకు."

ఇంజనీరుగారు చెప్పలేదు. అటుగా పోతున్న డీజిల్ లారీని ఆపి, బండికి తాడు కట్టించారు. కంగారులో బండిని గేరులోంచి తీయడం ఎవరికీ గుర్తురాలేదు. అలా లాగుతుంటే చక్రాలు మోటారును తిప్పాయి, మోటారు బ్యాటరీని నింపింది. పైకి చేరేసరికి బండిలో బయల్దేరినప్పటికంటే ఎక్కువ చార్జింగ్ ఉంది. లారీ ట్యాంకు మాత్రం అడుగంటింది.

మంత్రిగారు మీటరులోకి తొంగిచూశారు.

"అంటే... కొండ ఎక్కేకొద్దీ కరెంటు పుడుతోందన్నమాట!"

ఇంజనీరుగారు లారీ వైపు చూశారు. మంత్రిగారు చూడలేదు. మంత్రిగారు చూడని వైపు చూడటం మర్యాద కాదు గనక విలేకరులూ చూడలేదు. తాడు విప్పుకుంటున్న లారీ డ్రైవరు మాత్రం తన పని తాను చూసుకున్నాడు.

"కరెక్టే సార్," అన్నారు ఇంజనీరుగారు. ధ్రువపత్రం మీద సంతకం కూడా పెట్టారు.

ఆ సాయంత్రం ఇంట్లో వడ్డిస్తూ భార్య అడిగింది. "ఏమండీ, ఆ బండ్లు నిజంగా అంత దూరం పోతాయా?"

"పరీక్షలో పోయాయి."

"రోడ్డు మీద?"

"రోడ్డు మా శాఖ కాదు."

"మధ్యలో ఆగిపోతే లోపలున్న మనిషి గతేంటి?"

"అది ఆరోగ్య శాఖ."

ఆవిడ గరిటె గిన్నెలో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఇంజనీరుగారికి ముద్ద దిగలేదు. మర్నాడు ఆయన్ని చీఫ్ ఇంజనీరును చేస్తూ ఉత్తర్వు రావడంతో ఆకలి మళ్ళీ పుట్టింది.

అంబులెన్సుల ప్రారంభోత్సవం కొండ అవతలి ఊరి మైదానంలో పెట్టారు. కొత్త బండ్లు వరసగా నిలబడ్డాయి, ఒక్కొక్కదాని నెత్తిన ఒక్కో మంత్రిగారు. ఇన్నాళ్ళూ ఆ ఊరి రోగులను మోసిన పాత డీజిల్ బండి మైదానం చివర తుక్కుకు పోవడానికి సిద్ధంగా ఉంది. మంత్రిగారు సైన్సు గొప్పతనం మీద మాట్లాడుతుండగా, వేదిక మీద చలికి ముడుచుకు కూర్చున్న కొత్త చీఫ్ ఇంజనీరుగారికి ఛాతీ పట్టేసింది. కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు.

ముందు వరసలోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. "ఆ పాత బండి తాళాలు ఎవరి దగ్గరున్నాయి? తొందరగా!"

మంత్రిగారు మైకుకు చెయ్యి అడ్డం పెట్టారు. "అమ్మా, ఇన్ని కెమెరాల ముందు సాక్షాత్తూ చీఫ్ ఇంజనీరే డీజిల్ బండెక్కితే మనల్ని ఎవరు నమ్ముతారు? ఏమయ్యా, మన బండే కదా?"

ఇంజనీరుగారి పెదవులు కదిలాయి. మాట వినబడలేదు. అయినా ఏమన్నారో అందరికీ అర్థమైంది.

ఆయన్ని కొత్త బండిలో పడుకోబెట్టారు. భార్య, ఒక నర్సు ఎక్కారు. మంత్రిగారు జెండా ఊపారు. డ్రైవరు సైరన్ వేసి బలంగా తొక్కాడు.

స్ట్రెచరు మీంచి ఒక చెయ్యి లేచింది. "తొక్కకు."

"సార్?"

"మెల్లగా పోనీ. సైకిలువాడు దాటిపోయినా ఫరవాలేదు."

"మీది గుండె నొప్పి సార్, తొందరగా పోవాలి," అంది నర్సు.

"తొందరగా పోతే అసలు పోమమ్మా. ఆ హీటరు కట్టెయ్యి."

"వణికిపోతున్నారు సార్!"

"వణకనీ. సైరన్ కట్టెయ్యి. మాటిమాటికీ బ్రేకు వెయ్యకు. ఎక్కుడులో ఒక్క తీరుగా పోనీ."

ఆయన చెబుతూ ఉంటే అందరూ వింటున్నారు. సర్వీసు మొత్తంలో ఇలా జరగడం ఇదే మొదలు.

"ఇదంతా ఆ మంత్రికి చెప్పి ఏడవాల్సింది కదండీ!" అంది భార్య.

ఎక్కుడు మొదలైంది, వానా మొదలైంది. లావుపాటి టైర్లు తడి రోడ్డును పట్టుకుని, వదల్లేక వదల్లేక వదిలాయి. టాపు మీద మంత్రిగారు కొండగాలికి రొమ్ము విరిచి నిలబడ్డారు. మీటర్లో అంకె కళ్ళెదుటే కరిగిపోతోంది.

"ఆ బొమ్మ పీకేస్తే?" అంది నర్సు.

"నాకూ పిల్లలున్నారమ్మా," అన్నాడు డ్రైవరు. ఇంతలో అతని ఫోను మోగింది. విని, పెట్టేశాడు. "మంత్రిగారి ఆఫీసు. ఆసుపత్రి దగ్గర కెమెరాలు పెట్టారట. బండి ఎక్కడా ఆగకుండా రావాలట."

"ఆగిపోతే?"

"ఆగకూడదట."

మొదటి మలుపులో బరువు తగ్గుతుందని నర్సు దిగి నడిచింది. రెండో మలుపులో భార్య దిగి, బండి వెనకే చెంగు నెత్తిన కప్పుకుని నడిచింది. కనుమ కనుచూపు మేరలో ఉంది. బండి మూలుగుతూ పాకుతోంది. డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"సార్... మరోలా అనుకోకండి. ఈ ఎక్కుడు వరకూ మీరు కూడా కాస్త దిగగలరా? అవతల ఎక్కించుకుంటా."

ఇంజనీరుగారు పడుకునే లెక్క వేశారు. తన బరువు, మిగిలిన చార్జింగ్, కనుమ ఎత్తు. లెక్క సరిపోయింది. ఛాతీ పట్టుకుని దిగారు.

బండి తేలికపడి కనుమ ఎక్కేసింది. దిగుడులో చక్రాలు తిరుగుతున్నకొద్దీ చార్జింగ్ పుంజుకుని పరుగందుకుంది. డ్రైవరు ఆపలేదు. ఆగకూడదని ఆర్డరు.

ముగ్గురూ కల్వర్టు గోడ మీద వానలో కూర్చున్నారు. భార్య ఆయన తలను ఒళ్ళో పెట్టుకుంది. వచ్చే ప్రతి బండికీ చెయ్యి ఊపింది. ఆసుపత్రి సభకు పోతున్న మంత్రిగారి కార్ల వరస కూడా ఆగకుండా దూసుకుపోయింది. చివరికి కూరగాయల లారీ ఒకటి నల్లటి పొగ కక్కుకుంటూ వచ్చి ఆగింది. దాని డ్రైవరు ఏమీ అడక్కుండా బస్తాలు జరిపి ఆయన్ని పడుకోబెట్టాడు.

పెద్దాసుపత్రి గేటు దగ్గర కానిస్టేబుల్ లారీని ఆపాడు.

"లోపలికి వెళ్ళకూడదు. సభ జరుగుతోంది."

"ఏం సభ?" అంది భార్య.

"కొత్త అంబులెన్సులో చీఫ్ ఇంజనీరుగారు క్షేమంగా వచ్చినందుకు."

"ఆయనే ఈయన! గుండె నొప్పి, చూడండి ఎలా ఉన్నారో!"

కానిస్టేబుల్ బస్తాల మధ్యకు తొంగిచూసి, జాలిగా తల అడ్డంగా ఊపాడు.

"ఆయన ఎప్పుడో వచ్చేశారమ్మా. ఇప్పుడే మంత్రిగారు మైకులో చెప్పారు."

"కనీసం ఒక్క డాక్టరునైనా పిలవండి బాబూ! లోపల ఒక్క డాక్టరూ లేడా?"

"అందరూ ఉన్నారమ్మా," అన్నాడు కానిస్టేబుల్. "ముందు వరసలో."