పట్టకారుకు చిక్కని పిడుదు

ఆదివారం పొద్దున్నే కొండెక్కాలి, ఎండ ముదరకముందే దిగాలి, దిగేలోపు ఇంజనీరుగారి నోట "సరే" అనిపించాలి. ముళ్ళాయన వేసుకున్న పథకం ఇంతే. ముళ్ళాయన అంటే కోపిష్టి అనుకునేరు. మార్కెట్ వీధిలో వాచీల రిపేరు కొట్టు ఆయనది. పగలంతా గడియారం ముళ్ళతోనే సావాసం కాబట్టి ఊరు ఆ పేరు తగిలించింది. మనిషికి గుచ్చుకునే గుణం బొత్తిగా లేదు.

ఆయనకు ఒక్కటే కోరిక. ఊరి నడిబొడ్డున స్తంభం మీది పెద్ద గడియారం ఏళ్ల తరబడి ఆగిపోయి ఉంది. దాని పొట్ట విప్పి చూడాలని చిన్నప్పటి నుంచీ ఆరాటం. బతుకంతా గోరంత చక్రాలతో తంటాలు పడ్డవాడికి బండిచక్రమంత చక్రం మీద మోజు ఉండదూ? దాన్ని బాగు చేయించాలా, పీకేసి అంకెలు వెలిగే బోర్డు పెట్టించాలా అన్నది పురపాలక ఇంజనీరుగారు తేల్చాలి. ఆయనగారి ఫైలు ఆఫీసులో కదలదు. ఆదివారం కొండ మీద కాళ్ళు కదిలితేనే ఫైలూ కదులుతుంది. అందుకే ముళ్ళాయన్నీ, బోర్డు కంపెనీ ఏజెంటునూ కలిపి రమ్మన్నారు. "ఇద్దర్నీ చూస్తాను. కిందికి దిగాక చెప్తాను" అన్నారు.

"గడ్డి మోకాళ్ళ దాకా ఉందట. పిడుదులుంటాయి. ప్యాంటు మేజోళ్ళలోకి దోపండి" అంది భార్య. ఆమె పశువుల ఆసుపత్రిలో చీటీలు రాస్తుంది. లోకంలో సగం జబ్బులకు మూలం పిడుదేనని ఆమె నమ్మకం.

"పిడుదులు కుక్కలకి కదా పట్టేది."

"కుక్కల్ని పట్టేవి మిమ్మల్ని చూసి పక్కకి తప్పుకుంటాయా? మా డాక్టరమ్మ వాటిని టిక్కులంటుంది."

"టిక్కు టిక్కుమంటేనే కదా మనింట్లో పొయ్యి వెలిగేది."

"వేళాకోళం చాలు. టోపీ పెట్టుకోండి. మీ కంటి భూతద్దం, సన్న పట్టకారు జేబులో వేసుకోండి. దిగాక అందర్నీ వెతికి చూడాలి. నేనూ వస్తున్నాను."

కంటి భూతద్దం గురించి ఒక మాట చెప్పాలి. అది కంట్లో బిగించాడంటే ముళ్ళాయన నోరు మూతపడుతుంది. ఊపిరి కూడా బిగబడుతుంది. ఒకప్పుడు ఆదమరిచి తుమ్మితే ఎవరిదో చేతి గడియారంలోని మర ఎగిరిపోయింది. నేటికీ దొరకలేదు. అప్పటి నుంచి భూతద్దం ఉన్నంతసేపూ ఎవరేం అడిగినా ఒక వేలు పైకెత్తుతాడు, అంతే. "ఆగండి" అని దాని అర్థం. కొట్టుకొచ్చే వాళ్ళకిది తెలుసు. కొండకొచ్చిన వాళ్ళకి తెలియదు.

కొండ దిగువన ఇంజనీరు దంపతులు సిద్ధంగా ఉన్నారు. పక్కన బోర్డు ఏజెంటు, నిక్కులో ఏమాత్రం తక్కువ లేని నిక్కరులో. ముళ్ళాయన మేజోళ్ళలో దోపిన ప్యాంటు చూసి నవ్వాడు. "ఏం గురువుగారూ, సైకిలెక్కడ పెట్టారు?"

"పిడుదుల భయమండి" అంది ముళ్ళాయన భార్య. "గడ్డి చివర కూర్చుని ఎదురుచూస్తుంటాయి. రాసుకుంటే ఎక్కేస్తాయి. కుట్టినట్టు కూడా తెలీదు."

"తెలీదా?" అంది ఇంజనీరుగారి భార్య, తెలీకుండానే మోచేయి గోక్కుంటూ.

గోకుడు ఆవలింత లాంటిది, ఒకరిని చూసి ఒకరికి అంటుకుంటుంది. సగం కొండ ఎక్కేసరికి ఏజెంటు ఒంటికాలి మీద నిలబడి రెండో పిక్క గీక్కుంటున్నాడు. గీక్కుంటూనే ఫోనులో బోర్డుల బొమ్మలు చూపిస్తున్నాడు. "రాత్రి కూడా వెలుగుతుంది సార్. రిపేరన్నదే రాదు. మా కంపెనీ మాట ఇస్తే తిప్పదు."

"బోర్డు తిప్పదా?" అన్నాడు ముళ్ళాయన మెల్లగా. ఇంజనీరుగారు ఫక్కున నవ్వారు. ముళ్ళాయనకు కొండంత ఆశ కలిగింది. అంతలో బండ మీద కూర్చుని బూటు తాడు బిగించుకుంటున్న ఇంజనీరుగారి మెడ వెనక, కాలరు అంచున, ముళ్ళాయన కంటికి నల్లటి చుక్క ఒకటి కనబడింది.

భార్యను మోచేత్తో పొడిచాడు. ఆమె చూసింది. "ఏమండీ, కదలకండి" అంది ఇంజనీరుగారితో. పాముని చూపించేటప్పుడు మనుషులు వాడే స్వరం అది. ఇంజనీరుగారు బిగుసుకుపోయారు. ముళ్ళాయన టోపీ తీసి గడ్డిలో పెట్టాడు, భూతద్దం కంట్లో బిగించాడు, పట్టకారు తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏముందయ్యా?" అన్నారు ఇంజనీరుగారు.

ముళ్ళాయన వేలు పైకెత్తాడు.

"ఒక్కటేనా?" అంది ఇంజనీరుగారి భార్య, ఆ వేలు చూసి.

ముళ్ళాయన వేలు దించలేదు. చుక్కకు కాళ్ళున్నాయా లేవా అన్నది ఆయనకు అంతుపట్టడం లేదు. పట్టకారుతో అంచు పట్టి నిదానంగా లాగి చూశాడు. రాలేదు. ఇంజనీరుగారు మాత్రం "అబ్బా" అంటూ అంగుళం లేచారు. కొట్టులో మర బిగుసుకుంటే ముళ్ళాయన ఎడమ చెయ్యి దానంతటదే నూనె సీసా కోసం చాస్తుంది. ఇప్పుడూ చాచింది.

"నూనె రాయకూడదండీ" అంది భార్య, ఆ చేతి భాష తెలిసినది కాబట్టి. "నిప్పు అసలే పెట్టకూడదు. తల లోపల విరిగితే కష్టం."

మెడ, నూనె, నిప్పు, తల విరగడం. ఇవన్నీ ఒక్క ఊపులో విన్న ఇంజనీరుగారి భార్య బండ మీద కూలబడింది. "ఈయన ఏం మాట్లాడ్డంలేదేంటి? అంత ముదిరిపోయిందా?"

ఊపిరి బిగబట్టడంతో ముళ్ళాయన ముఖం ఎర్రబడింది, తర్వాత నీలంగా మారింది. ఏజెంటు ఆ రంగులన్నీ చూశాడు. చూసి, తన పిక్కలు చూసుకున్నాడు. గీకి గీకి వాటినిండా ఎర్రటి చారలు. "సార్, మీరు ధైర్యంగా ఉండండి, నేను అంబులెన్సుకి ఫోన్ చేస్తాను" అని ఫోన్ తీశాడు. కొండ మీద సిగ్నలు లేదు. సిగ్నలు కోసం కిందికి పరుగెత్తాడు. నాలుగు అంగల్లో చెట్టు వేరు తగిలి, మిగతా దూరం పరుగెత్తకుండానే వెళ్ళాడు.

సిగ్నలు దొరికిన చోట, పడ్డవాడు పడ్డట్టే, మొదట పురపాలక ఆఫీసులో ఆదివారం డ్యూటీవాళ్ళకు ఫోన్ చేశాడు. "ఇంజనీరుగారికి మెడ మీద" అనేసరికి సిగ్నలు పోయింది. మెడ మీద ఏమిటన్నది ఆఫీసు సొంతంగా పూరించుకుంది. మెడ మీద బండ పడిందని గుమాస్తా అన్నాడు. మెడ మీద కత్తి అన్నాడు డ్రైవరు. అంబులెన్సు, దాని వెనక నీళ్ళ ట్యాంకరు, ట్యాంకరు వెనక పురపాలక చెత్త బండి, ఉన్న బండ్లన్నీ కొండకు బయల్దేరాయి.

ఇవేవీ తెలియని ముళ్ళాయన ఆఖరికి భూతద్దం తీసి, దీర్ఘంగా ఊపిరి వదిలి, "మచ్చండి" అన్నాడు.

"మచ్చేమిటి?"

"పుట్టుమచ్చ. కాళ్ళు లేవు."

ఇంజనీరుగారికి మచ్చలేని అధికారి అని పేరు. ఆ పేరుని ఇంతకాలం కాలరే కాపాడింది. "నా పుట్టుమచ్చని పీకబోయావా?" అన్నారు ఆయన, ఒక్కో మాటా పళ్ళ మధ్య నలుపుతూ. "నా మచ్చనే పోల్చుకోలేనివాడివి, గడియారం చూస్తావా? బోర్డే పెట్టిస్తాను. పదండి కిందికి."

దారి పొడుగునా అందరూ గోక్కుంటూనే దిగారు. సగం దిగేసరికి ఎదురుగా స్ట్రెచర్ వస్తోంది. ఇంజనీరుగారి కోసం పైకొస్తూ, దారిలో దొరికిన ఏజెంటుని దాని మీద వేసుకున్నారు. మడమ వాచి, మూలుగుతున్నాడు. స్ట్రెచర్ మోస్తున్నవాళ్ళు నడిచొస్తున్న ఇంజనీరుగారిని చూసి నిలబడిపోయారు. "మెడ ఉందే" అన్నాడు డ్రైవరు, కొంచెం నిరాశగా.

"ఎవరు పిలిచారు వీళ్ళని?" అన్నారు ఇంజనీరుగారు. ఏజెంటు కళ్ళు మూసుకున్నాడు. అంత దొర్లినా అతని నిక్కరు అంచున ఒక్క గడ్డిపరకా అంటలేదు, గడ్డికి కూడా నచ్చలేదు కాబోలు.

దిగువన చెట్టు నీడలో ముళ్ళాయన భార్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "కోపాలు తర్వాత. దిగాక అందర్నీ చూడాలన్నాను. చెవుల వెనక, చంకలు, మోకాళ్ళ మడతలు." ఆమె మాట పశువులే విన్నప్పుడు మనుషులు వినరా? ముళ్ళాయన భూతద్దం పెట్టి అందర్నీ చూశాడు. ఇంజనీరుగారిని, వారి భార్యను, తన భార్యను, స్ట్రెచర్ మీదున్న ఏజెంటుని, ఆఖరికి డ్రైవరుని కూడా. ఒక్కటీ లేదు. ముళ్ళాయన వేలు దించి, భూతద్దం జేబులో వేసుకుని, తల వంచుకుని ఇంటి దారి పట్టబోయాడు. పెద్ద గడియారం పొట్ట చూసే యోగం ఇక లేదనుకున్నాడు.

"ఆగండి" అంది భార్య. "అందర్నీ చూసిన మిమ్మల్ని ఎవరు చూశారు?"

గడ్డిలో పెట్టి మళ్ళీ నెత్తిన పెట్టుకున్న టోపీ తీసింది. ముళ్ళాయన కుడిచెవి వెనక, నింపాదిగా, సొంతింట్లో ఉన్నట్టు, ఒక పిడుదు.

ఆమె పట్టకారు అందుకుంది, చెవి దాకా తెచ్చి వెనక్కి లాక్కుంది. కుక్కల చీటీలు రాయడం వేరు, మొగుడి చెవి వేరు. ఇంజనీరుగారి భార్య అప్పటికే ట్యాంకరు వెనక దాక్కుంది. చివరికి ఇంజనీరుగారే చొక్కా చేతులు మడిచి, "ఇటివ్వండమ్మా" అని భూతద్దం కంట్లో పెట్టుకున్నారు. ముళ్ళాయన చెవి ఆయనకు గుమ్మమంత కనబడింది.

"చర్మానికి ఆనించి పట్టుకోండి. మెలిపెట్టకండి. నిటారుగా, నిదానంగా" అంది ఆమె.

"ఎంతవరకొచ్చిందండీ?" అన్నాడు ముళ్ళాయన.

ఇంజనీరుగారు వేలు పైకెత్తారు.

చుట్టూ జనం ఊపిరి బిగబట్టారు. చాలాసేపయ్యాక పట్టకారు పైకి లేచింది, దాని కొసన పిడుదు, తల సహా. ముళ్ళాయన మరలు దాచే చిన్న డబ్బాలో దాన్ని వేసి మూత బిగించారు. ఆమె గాయాన్ని సబ్బుతో కడుగుతుంటే ఇంజనీరుగారు రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. ముఖం వెలిగిపోతోంది.

"ఏవయ్యా, ఇది రోజూ చేస్తావా నువ్వు? ఇంత చిన్నదాంతో, ఇంత ఓపిగ్గా?"

"ఇంతకన్నా చిన్నవండి. అవి కుట్టవు, అంతే."

ఇంజనీరుగారు భూతద్దం ఇంకా తీయలేదు. స్ట్రెచర్ వైపు తిరిగారు. "నువ్వు రెస్టు తీసుకోవయ్యా. బోర్డు వద్దు." మళ్ళీ ఇటు తిరిగారు. "గడియారం బాగుచేద్దాం."

ముళ్ళాయన మొహంలో వెలిగిన వెలుగుకి ఏ బోర్డూ సాటిరాదు. ఇంటికి చేరాక గానీ ఆయనకు ఆ "చేద్దాం"లో ఎంతమంది ఉన్నారో తట్టలేదు.

సోమవారం ఆయన గడియార స్తంభం మెట్లెక్కేసరికి పైన ఇంజనీరుగారు కూర్చుని ఉన్నారు, కొత్త భూతద్దం, కొత్త పట్టకారు, చేతిలో అప్పటికే ఊడదీసిన చక్రం ఒకటి. ఆ వారమంతా ఊరి గడియారం వెనక్కి నడిచింది. అది ఎవరి పనితనమో అడగడానికి వెళ్ళిన వాళ్ళందరికీ ముళ్ళాయన కంట్లో భూతద్దంతో వేలెత్తి చూపాడు.