రెండో టీ ఎవరికి?

ఆదివారం పొద్దున కొత్త పెళ్ళికూతురు కిటికీ తెరిచి, గచ్చు మీద పడ్డ ఎండ చూసి కూడా మురిసిపోయింది. మ్యాట్నీకి ఇద్దరూ కలిసి ఓ పాత పాటల సినిమాకు వెళ్ళబోతున్నారు మరి! పేరున్న ఓ లావుపాటి నవలనే అలా సినిమాగా తీశారు. మొదటిసారి కలుసుకున్నప్పుడు ఆ నవలంటే ప్రాణమని ఆమె చెప్పింది. తనకూ అంతేనని అతను చెప్పాడు. పెళ్ళి అక్కడే ఖాయమైపోయింది.

"సినిమా మాత్రం చూళ్ళేదు. నవలని పాడుచేసుంటారని భయం," అని కూడా అన్నాడు.

అలాంటివాడు ఇవాళ గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీశాడు. కాసేపటికి రేడియోలో ఆ సినిమా పాట వచ్చింది. అదే రాగం!

ఆమె వంటింటి తలుపు వేసుకుని అక్కకు ఫోన్ చేసింది.

"చూడని సినిమా పాట ఎలా వస్తుందే? చూసే ఉంటాడు," అక్క తేల్చేసింది. "చూసి చెప్పలేదంటే పక్కన ఎవరో ఉన్నట్టే. నేనూ వస్తున్నా. మీ వెనక వరసలో కూర్చుంటా."

హాలు గుమ్మంలో టికెట్లు చింపే పెద్దాయన మొహం చాటంత చేసుకున్నాడు. "మళ్ళీ వచ్చారా సార్! మీ మూల సీటు ఖాళీయే."

"నన్నెవరనుకున్నాడో ఏమో," అంటూ భర్త నుదురు తుడుచుకున్నాడు.

తెర మీద హీరోయిన్ గొడుగు తిప్పుతూ పాడుతోంది. ఆమె మాత్రం భర్త పెదవులే చూసింది. పాటకంటే ముందే కదులుతున్నాయవి! వెనకనుంచి అక్క వేలు వీపులో గుచ్చుకుంది.

ఇంటర్వెల్‌లో టీ అబ్బాయి అడగకుండానే రెండు గ్లాసులు అందించాడు. "ఎప్పట్లాగే రెండే కదా సార్?"

రెండు! ఆ రెండో టీ తాగినావిడ నవ్వూ, జడా, గాజులూ ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడ్డాయి. సీట్లోకి రాగానే గ్లాసులు రెండూ చేతిపిడి మీద పెట్టేసింది.

"ఎవరండీ ఆవిడ?"

"ఏ ఆవిడ?"

"రెండో టీ ఆవిడ!"

"అయ్యో, రెండూ నేనే తాగానే! ఒక్కటి తాగితే నిద్రాగట్లేదు." అతను తల దించుకున్నాడు. "ఆ నవల నేను చదవలేదు. ఇరవయ్యో పేజీ దాటితే ఒట్టు. నువ్వు కథ గురించి అడిగితే పరువు పోతుందని, ఆఫీసు ఎగ్గొట్టి వారమంతా ఇదే చూశా."

"మొదటి రోజే అబద్ధమా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంక మీ మాటల్లో ఏది నమ్మాలి నేను?"

"తప్పే. పోనీ ఇది చెప్పు. చివర్లో పడవ మీద హీరోహీరోయిన్ల పెళ్ళి, నవల్లోనూ అలాగే ఉందా?"

"అచ్చం అలాగే," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఎన్నిసార్లు చదివానో!"

"ఏం అలాగే?" వెనకనుంచి అక్క లేచింది. "నవల్లో ఆ పడవ మునిగిపోతుంది కదే! ఇద్దరూ పోతారు!"

భర్త వెనక్కి తిరిగాడు. "వదినా! మీరెప్పుడొచ్చారు?" తర్వాత నెమ్మదిగా భార్య వైపు తిరిగాడు. "నువ్వు ఎన్నో పేజీ దాకా చదివావు?"

"అట్ట వెనక రాసింది చదివా," ఆమె గొణిగింది. "మీరు నచ్చారు. ఏదో ఒకటి గొప్పగా చెప్పాలిగా! మీరూ అంతేనన్నారు, ఇంక వెనక్కి ఎలా పోను? ఈ సినిమాతో కథ తెలిసిపోతుందని ఆశపడ్డా."

అతను పగలబడి నవ్వాడు. ఆమె అతని భుజం మీద ఒకటి వేసి, అక్కడే తల వాల్చింది. దీపాలు ఆరాయి.

చల్లారిపోతున్న రెండో టీ అక్క తాగేసింది.