వంతెన కోసం కూర్చున్న కమిటీ

ఆ పట్టణంలో అర్జీల కమిటీ ఏ విషయం మీదైనా చర్చ మొదలుపెట్టాలంటే, ఎనిమిది మంది సభ్యులూ ఎనిమిది కుర్చీల్లో ఎన్ని రకాలుగా కూర్చునే వీలుందో అన్ని రకాలుగానూ ముందు కూర్చుని లేవాలి. పూర్వం ఒక సభ్యుడు, తన పక్కన ఇంకొకరు కూర్చుని ఉంటే తన అభిప్రాయం వేరుగా ఉండేదని ఫిర్యాదు చేశాడు. విచారణలో అది నిజమేనని తేలింది. అప్పటినుంచి ఈ పద్ధతి అమల్లో ఉంది.

లెక్కల టీచరు సునందమ్మ ఇచ్చిన అర్జీ చిన్నది. ఊరికీ బడికీ మధ్య పంటకాలువ ఉంది. దాటడానికి రెండు తాటిదుంగలు వేసి ఉన్నాయి. వానాకాలంలో వాటికి నాచు పడుతుంది. కిందటేడు ఇద్దరు ఆడపిల్లలు జారిపడితే, వాళ్లను లాగబోయి ఆవిడ ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుంది. కాలినడక వంతెన కట్టించమని జూన్‌లో రాసిచ్చింది.

నాలుగు నెలలకు సంగతి కనుక్కుందామని వెళితే, సూపరింటెండెంటు భుజంగరావు ఆవిణ్ని మర్యాదగా లోపలికి తీసుకెళ్లాడు. సభ్యులు వరసగా కూర్చుని ఉన్నారు. చివరి ఇద్దరూ లేచి, చోట్లు మార్చుకుని, కండువాలు సర్దుకుని కూర్చున్నారు. అందరూ రిజిస్టర్లో సంతకాలు చేశారు.

"మీ అర్జీ బాగా నడుస్తోందండి. ఇవాళ్టికి మూడువేల మూడువందల అరవై అయినాయి," అన్నాడు భుజంగరావు.

"మొత్తం ఎన్నండీ?"

"అది పూర్తయ్యాక తెలుస్తదండి."

సునందమ్మ సంచీలోంచి కాగితం తీసింది. మొదటి కుర్చీలో ఎనిమిది మందిలో ఎవరైనా కూర్చోవచ్చు, రెండోదాంట్లో మిగిలిన ఏడుగురిలో ఒకరు, మూడోదాంట్లో ఆరుగురిలో ఒకరు. అలా హెచ్చవేసుకుంటూ పోతే నలభైవేల మూడువందల ఇరవై వచ్చింది. రిజిస్టరు ప్రకారం రోజుకు నలభై ఎనిమిది చొప్పున, ఏడాదికి రెండువందల పది పనిదినాలు.

"నాలుగేళ్లు పడుద్దండి," అంది.

"నాలుగేళ్లేనా?" భుజంగరావు ముఖం వికసించింది. కిందటి అర్జీకి లెక్క తప్పిపోయి కొన్ని రకాలు మూడేసి సార్లు కూర్చున్నారట.

"గుండ్రబల్ల వేయించండి. అందరూ ఒక్కో కుర్చీ జరిగినా ఎవరి పక్కన ఎవరున్నారో మారదు కదా. దాన్ని మళ్లీ లెక్కపెట్టక్కర్లేదు. ఎనిమిదో వంతు చాలు, ఐదువేల నలభై. ఆర్నెల్లలో తేలిపోద్ది."

అధ్యక్షుడు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "ఇన్నేళ్లూ మాకెవరూ చెప్పలేదమ్మా," అన్నాడు.

మూడు వారాల్లో బల్ల వచ్చింది. బల్లతో పాటు ఒక ఉత్తర్వు వచ్చింది. సలహా ఇచ్చినవారే బాధ్యత వహించాలి కనుక సునందమ్మను తొమ్మిదో సభ్యురాలిగా నియమించారు. ఆవిడ ఉత్తర్వు చదువుతూనే మనసులో లెక్క కట్టింది. తొమ్మిది మంది గుండ్రంగా కూర్చుంటే నలభైవేల మూడువందల ఇరవై.

"నన్ను తీసెయ్యండి, భుజంగరావు గారూ."

"మిమ్మల్ని తీసేస్తే మీ సలహా కూడా పోద్దండి. బల్ల వెనక్కెళ్లిపోద్ది. మళ్లీ వరసలోనే కూర్చోవాలి, అదీ అంతే కదండీ." కాస్త ఆగి ఓదార్పుగా అన్నాడు. "అంకె మారలేదు గనక ఫైల్లో కొట్టివేతలు ఉండవండి."

లోపల ఉంటే ఏదో ఒకటి చెయ్యవచ్చుననుకుని ఆవిడ సంతకం పెట్టింది. మొదటి వారమంతా కోపంగా కూర్చుంది. రెండో నెలకు, ఒక్కటి కూడా తిరిగి రాకుండా మారే క్రమం కనిపెట్టి అందరికీ నేర్పింది. సభ్యులు ఆవిడ మాట జవదాటడం మానేశారు. ఎవరికి మోకాలి నొప్పో, ఎవరు పొడుం పీలుస్తారో తెలిసింది. ఫ్యాను గాలి సరిగ్గా తగిలే కుర్చీ తనకు ఏయే తేదీల్లో వస్తుందో డైరీలో గుర్తు పెట్టుకుంది.

మరుసటి జూలైలో పైడమ్మ అనే ఆవిడ కాలికి కట్టుతో ఉన్న కూతుర్ని ఎత్తుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, మీరు లోపలే ఉన్నారు గదా. ఆ వంతెన సంగతేదో ఇప్పుడే అడగరాదా?"

సునందమ్మకు ఆ నిమిషాన ఫ్యాను కింద కుర్చీ వచ్చి ఉంది.

"కొంచెం ఆగమ్మా. ఇప్పుడే కూర్చున్నాం," అంది నెమ్మదిగా.

పైడమ్మ ఆగింది. బయట బెంచీ మీద ఉన్న నలుగురూ దగ్గరగా జరిగి తల్లీకూతుళ్లకు చోటిచ్చారు. ఆ బెంచీ మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరూ రాసుకోలేదు.