క్లిక్కు బాబాయి శనివారం

ఆ పొద్దున బాబాయి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నం దాకా బుద్ధిగా పని చేసుకోవాలి. భోజనాల వేళ వీధి చివరి దుకాణంలో ఉయ్యాలకి దోమతెర కొనాలి. సాయంత్రం ఎవరి కంటా పడకుండా ఇంటికి జారుకోవాలి. అంతే. పెద్ద పెద్ద ప్లాన్లు చెడిపోయాయంటే అర్థముంది గానీ, ఇంత చిన్నదాన్ని కూడా చెడగొట్టడం ఆ ఆఫీసుకే చెల్లింది.

అది గొడుగుల కంపెనీ ఆఫీసు. గాలికి గొడుగు తిరగబడిందనీ, మీట నొక్కితే తెరుచుకోలేదనీ, తెరుచుకుంటే మళ్ళీ మూసుకోలేదనీ మండిపడుతూ రాసే జనానికి ఓపిగ్గా జవాబులు రాయడం బాబాయి ఉద్యోగం. చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. ఆ పేరు ముందు 'క్లిక్కు' చేరింది మాత్రం కిందటి నెలలోనే. కంప్యూటర్లు చూసుకునే ఆయన్ని అందరూ సిస్టమ్సాయన అంటారు. సిబ్బంది ఎంత జాగ్రత్తగా ఉన్నారో చూద్దామని ఆయన ఓ దొంగ మెయిలు తయారుచేసి పంపాడు. 'మీరే ఉత్తమ ఉద్యోగి, బహుమతి కోసం ఇక్కడ నొక్కండి' అని. ఆఫీసు మొత్తంలో నొక్కింది బాబాయి ఒక్కడే.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారైనా ఇస్తారేమో అనుకున్నానమ్మా" అన్నాడు రిసెప్షన్ అమ్మాయితో.

ఆ తర్వాత మేనేజరు మేడమ్ నోటీసు బోర్డులో కాయితం అంటించింది. మళ్ళీ పరీక్ష ఉంటుంది. ఎప్పుడో, ఎవరి పేరుతోనో చెప్పరు. ఈసారి నొక్కినవాళ్ళు ఈ శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా తరగతిలో కూర్చోవాలి. ఎవరికీ మినహాయింపు లేదు, నాకు కూడా లేదు అని కింద సంతకం.

బాబాయి ఆ కాయితంలో 'శనివారం' అన్న మాట రెండుసార్లు చదువుకున్నాడు. కూతురికి నెలలు నిండకుండానే కాన్పయి, పసిది ఇన్నాళ్ళూ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలోనే ఉంది. బాబాయి రోజూ వెళ్ళి, అద్దం ఇవతల నిలబడి, దాని పిడికిలి కేసి చూసి వచ్చేవాడు. శనివారం ఇంటికి పంపుతామన్నారు డాక్టర్లు. 'మొదట నీ చేతుల్లోనే పెడతాను నాన్నా' అంది కూతురు. ఆ శనివారం ఆయన తరగతిలో కూర్చోవడం కల్ల.

ఇలా ఒళ్ళంతా కళ్ళు చేసుకుని కంప్యూటరు తెరిచాడో లేదో, లిఫ్టు కంపెనీ నుంచి మెయిలు. 'అత్యవసరం. మీ లిఫ్టు బ్రేకు వెంటనే సరిచూడాలి. అప్పటిదాకా ఎవరూ ఎక్కవద్దు. మా మెకానిక్కు రావడానికి అనుమతిస్తూ ఇక్కడ నొక్కండి.'

బాబాయి మొహం వెలిగిపోయింది. తొందరపెట్టడం ఉంది, భయపెట్టడం ఉంది, నొక్కమనడం ఉంది. పైగా ఏళ్ళ తరబడి నమ్మిన కంపెనీ పేరు!

"దొరికాడమ్మా దొంగ!" అని కేకేసి, అనుమానపు మెయిళ్ళు పంపాల్సిన చోటికి దాన్ని పంపేశాడు. రెప్పపాటులో జవాబొచ్చింది. 'శెభాష్! మోసాన్ని పసిగట్టారు.'

ఆ జవాబు చూసి ఆయన కళ్ళు చెమర్చాయి. "చూశావా, సిస్టమ్సాయన స్వయంగా మెచ్చుకున్నాడు" అంటూ బల్ల బల్లకీ తిరిగి చూపించాడు. అందరికీ అదే మెయిలు వచ్చింది కాబట్టి అందరూ పంపారు, అందరికీ శెభాష్ వచ్చింది. కాసేపటికి లిఫ్టు కంపెనీ నుంచి ఫోను.

"మెయిలు చూశారా మేడమ్? లిఫ్టు వాడుతున్నారా?"

"వాడకేం, నిక్షేపంగా వాడుతున్నాం" అంది రిసెప్షన్ అమ్మాయి. "మా బాబాయి దగ్గర మీ పప్పులుడకవండీ" అని ఫోను పెట్టేసింది.

పది దాటాక మెకానిక్కే వచ్చాడు. ఎప్పుడూ వచ్చే పెద్దాయన కాదు, ఎవరో కొత్త మనిషి. భుజాన పనిముట్ల సంచీ, చొక్కా మీద కంపెనీ గుర్తు. మోసగాళ్ళు యూనిఫారం వేసుకుని కూడా వస్తారని సిస్టమ్సాయన చెప్పిన మాట బాబాయికి చప్పున గుర్తొచ్చింది. పరీక్ష ఇంత దూరం తెచ్చారన్నమాట!

"అయ్యా, ముందు ఎవరూ లిఫ్టు ఎక్కకుండా చూడండి" అన్నాడు మెకానిక్కు.

"ఆహా! ఎంత చక్కగా అప్పజెప్పావు నాయనా! నువ్వు నాటకాల్లో ఉండాల్సినవాడివి" అంటూ బాబాయి ఆయన్ని మీటింగు గదిలోకి తీసుకెళ్ళాడు. ఫ్యాను వేశాడు. టీ, బిస్కెట్లు తెప్పించాడు. సంచీనీ, అందులో ఉన్న సెల్‌ఫోన్నీ 'భద్రంగా ఉంచుతాను' అని తీసుకుని, బయటికొచ్చి గడియ పెట్టాడు. మోసగాడైనా మర్యాద తప్పకూడదు కదా.

విషయం పై అంతస్తులోని మేడమ్ దాకా పాకింది. ఆవిడ ఉప్పొంగిపోయింది. "బాబాయినే మనం వెక్కిరించాం! కిందికెళ్ళి అందరి ముందూ అభినందిద్దాం" అని, పొద్దుటి నుంచి ఫోన్లు ఆపుకుని ఏదో మిషనుకి మరమ్మతు చేస్తున్న సిస్టమ్సాయనని, ఏమిటీ ఎందుకూ అని అడగనివ్వకుండా, వెంటబెట్టుకుని లిఫ్టెక్కింది.

లిఫ్టు కొంచెం దిగి, కిర్రుమని, ఆగిపోయింది.

"బాబాయ్!" లోపలి నుంచి సిస్టమ్సాయన గావుకేక. "లిఫ్టు కంపెనీ మెయిలేదో వచ్చిందటగా? అది నేను పంపింది కాదు!"

బాబాయి లిఫ్టు తలుపు దగ్గరికి పరిగెత్తాడు. "మరి నాకు శెభాష్ అన్నావుగా?"

"నేనెక్కడన్నాను? ఎవరేం పంపినా కంప్యూటరు దానంతటదే అనేస్తుంది!"

"చాల్లెండి, ముందు లిఫ్టు కంపెనీకి ఫోన్ చెయ్యండి!" మేడమ్ లోపలి నుంచి తలుపు బాదింది.

బాబాయి చేశాడు. అవతలివాళ్ళు చిరాకుపడ్డారు. "మా మనిషి ఎప్పుడో వచ్చాడండీ. మీ దగ్గరే ఉండాలి. ఫోనెత్తడం లేదు."

ఎత్తడానికి ఆ ఫోను ఉన్నది బాబాయి సొరుగులో. శనివారం కళ్ళ ముందు కరిగిపోతుంటే, ఆయన పరిగెత్తుకెళ్ళి మీటింగు గది గడియ తీశాడు. మెకానిక్కు ఫ్యాను కింద హాయిగా కునుకు తీస్తున్నాడు.

"క్షమించు నాయనా, నిన్ను దొంగవనుకుని బంధించాను. నీ కాళ్ళు పట్టుకుంటాను, మావాళ్ళని దింపు!"

"బంధించారా?" మెకానిక్కు కళ్ళు నులుముకున్నాడు. "నేనింకా మర్యాద అనుకున్నానండీ. ఎక్కడికెళ్ళినా మెట్ల కింద నిలబెడతారు. కూర్చోబెట్టి టీ ఇచ్చింది మీరే." సంచీ అందుకుని గబగబా పైకెళ్ళాడు. బ్రేకు పట్టేయబట్టే లిఫ్టు ఆగింది గానీ ప్రమాదం లేదంటూ, కాసేపట్లో ఇద్దర్నీ దింపాడు.

బాబాయి చేతులు కట్టుకుని తల దించుకున్నాడు. "తప్పంతా నాదే మేడమ్. తరగతికి నేనే వస్తాను." దోమతెర కొలత రాసుకున్న చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కాకపోతే శనివారం మనవరాలు ఇంటికొస్తోంది, దోమతెర కూడా..."

"మీరెందుకు రావడం?" అంది మేడమ్. ఆవిడ మొహం అదోలా ఉంది. "లిఫ్టులోంచి మేమూ కంపెనీకి ఫోన్ చేశాం. మీతో మాట్లాడుతున్నారేమో, లైను దొరకలేదు. అంతలో వాళ్ళ పేరుతోనే మెయిలొచ్చింది. 'తక్షణ సహాయానికి ఇక్కడ నొక్కండి' అని. నొక్కేశాను."

సిస్టమ్సాయన గొంతు సవరించుకున్నాడు. "పరీక్ష మెయిలు అదే మేడమ్. ఈ వేళకి వెళ్ళేలా కిందటి వారమే పెట్టి ఉంచాను."

"మరి పక్కనే ఉండి చెప్పరేం?"

"భయంలో గుర్తు రాలేదు మేడమ్." ఆయన నేల చూపులు చూశాడు. "నేనూ నొక్కాను."

ఆఫీసంతా గొల్లుమంది. మేడమ్ కూడా ఆపుకోలేకపోయింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "అందరం ఆ మెకానిక్కుని అనుమానించాం, అనుమానిస్తూ కూడా టీ ఇచ్చింది మీరొక్కరే. ఆయన అలిగి వెళ్ళిపోయుంటే నేనింకా పైనే వేలాడుతుండేదాన్ని. వెళ్ళండి బాబాయ్, ముందు దోమతెర కొనుక్కోండి" అంది.

శనివారం కూతురు మాట నిలబెట్టుకుంది. పసిది బాబాయి చేతుల్లోకొచ్చి, చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. ఆయన కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆ వేలు విడిపించుకోలేదు. డాక్టర్లకీ, నర్సులకీ, దేవుడికీ, బ్రేకుకీ, మెకానిక్కుకీ పేరుపేరునా మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

అక్కడ ఆఫీసులో తరగతికి విద్యార్థులు ఇద్దరే వచ్చారు, అందులో ఒకరు పాఠం చెప్పారు.