ఒరిజినల్ చేతులు

ఎర్రగుట్ట ఇంజినీరింగ్ కాలేజీలో సీటు వచ్చినవాళ్లు చేరే రోజున టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీలతో పాటు రెండు చేతులు కూడా ఆఫీసులో అప్పజెప్పాలి. మణికట్టు దాకానే తీసుకుంటారు కాబట్టి పెద్ద ఇబ్బందేమీ ఉండదు. గుమాస్తా దామోదర్ వాటికి హాల్‌టికెట్ నంబరు అంటించి, పాలిథిన్ కవర్లో పెట్టి, బీరువాలో సర్దుతాడు. నాలుగేళ్లు అయ్యాక, ఫీజు బాకీ లేదని తేలాక, తిరిగి అతికిస్తారు. మధ్యలో ఎవరైనా అడిగితే, "సదువుకోను వచ్చినవా, పని చెయ్యను వచ్చినవా?" అంటాడు దామోదర్. అదీ నిజమే కదా అని తల్లిదండ్రులు తలలూపి వెళ్లిపోతారు.

చేతులు బీరువాలో ఊరికే పడి ఉంటాయనుకుంటే పొరపాటు. ప్రతి సెమిస్టర్‌లోనూ వాటిని బయటికి తీసి, పొడవాటి బల్లల మీద వరసగా పెట్టి, ల్యాబ్ రికార్డులు రాయిస్తారు. ఎడమ పక్కన పోయినేటి రికార్డు, కుడి పక్కన తెల్ల కాగితం. తల లేని చేయి చూసింది చూసినట్టే ఎక్కిస్తుంది. పాత పేజీలో సిరా మరక ఉంటే మరకను కూడా దించుతుంది. అందుకే ల్యాబుల్లో పరికరాలు లేకపోయినా రీడింగులు ఏనాడూ తప్పలేదు. తనిఖీకి వచ్చిన కమిటీ ఆ రికార్డులు చూసి ముచ్చటపడి, మటన్‌తో భోంచేసి, మంచి గ్రేడు ఇచ్చి వెళ్లింది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు హైదరాబాద్ దుకాణాల్లో అట్టపెట్టెతో సహా దొరుకుతాయి. పెట్టె విప్పే పని ఉండదు కనుక వాటికీ చేతులు అక్కర్లేదు.

ఈ పద్ధతికి అడ్డం వచ్చింది రవళి. ఈసీఈ ఆఖరి సంవత్సరం. తల్లి రాజవ్వ బీడీలు చేసి ఆమెను చదివిస్తోంది. వాళ్ల ఇల్లు గ్రానైట్ క్వారీ పక్కనే. క్వారీలో పేల్చినప్పుడల్లా వాళ్లు పడుకునే గదిలో గోడ నెర్రె ఇంకాస్త విచ్చుకుంటుంది. క్వారీ, కాలేజీ రెండూ ఒకే చైర్మన్‌వి. రాజవ్వ మైన్స్ ఆఫీసుకు వెళ్లి మొరపెట్టుకుంటే, "గోడ పగిలిందమ్మా, సరే. భూమి అదిరిందని రుజువేది? మిషిన్ రీడింగ్ తీసుకరా" అన్నారు. భూమి అదురును కొలిచే మిషన్ ఆ ఆఫీసులో లేదు. ఉంటే కొలవాల్సి వస్తుందని కొనలేదు.

గోడ కూలేలోపు రీడింగు చేతికి రావాలి. అందుకని రవళి ఆ మిషన్‌నే తన ప్రాజెక్టుగా తయారు చేస్తానంది. "కొంటే అయిపోయేదానికి చేసుడెందుకమ్మా?" అని డిపార్ట్‌మెంట్ పెద్ద హెచ్చోడీ నిజంగానే బాధపడ్డాడు. పేపర్లో ఫొటో వస్తుందని ఎవరో చెప్పడంతో చైర్మన్ ఒప్పుకున్నాడు. ప్రాజెక్టు అయ్యేదాకా ఆమె చేతులు ఆమెకు అతికించి ఇచ్చారు.

తీరా ఇంటికి వచ్చాక ఆ చేతులు కదల్లేదు. చూసి దించడానికి ఎదురుగా పాత మిషన్ ఏదీ లేదు. చివరికి రవళి చెబుతుంటే రాజవ్వే చేసింది. పాత గేటు కీలుకు ఇనుప కడ్డీ అడ్డంగా వేలాడదీసి, కొసన బరువు కట్టింది. ఆ బరువు పక్కన పాడైన స్పీకర్‌లోని అయస్కాంతం పెట్టింది. బీడీకి దారం చుట్టే వేళ్లు ఆ బరువు చుట్టూ రాగితీగను ఓపిగ్గా వందల చుట్లు చుట్టి, తీగ కొసలు ఒక పాత మీటరుకు కలిపాయి. నేల అదిరితే కడ్డీ ఊగుతుంది, తీగలో కరెంటు పుడుతుంది, మీటరు ముల్లు లేస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం క్వారీలో పేలింది. గిన్నెలు దొర్లాయి. ముల్లు ఎగిరి ఆ కొసకు కొట్టుకుంది. రవళి ముల్లునే చూస్తూ, పెన్ను పట్టిన తన కుడిచేతికి అంకె చెప్పింది. చేయి మాత్రం గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: "కదలిక లేదు. ప్రయోగం విజయవంతం." పరికరాలు లేని ల్యాబుల రికార్డుల్లో మూడేళ్లకు పైగా అది రాస్తున్న మాటలు అవే.

"ముల్లు గంత ఎగిరితే లేదని రాస్తవేందే?" అని రాజవ్వ అరిచింది.

"నేను రాస్తలేనే అవ్వా. చెయ్యి రాస్తుంది."

బీడీ కట్టలు లెక్కపెట్టీ లెక్కపెట్టీ రాజవ్వకు అంకెలు వచ్చు. ఏ కాలేజీలోనూ పెట్టని తన చేత్తో ఆమే రీడింగులు రాసింది. తల్లీకూతుళ్లు ఆ కాగితం పట్టుకుని మైన్స్ ఆఫీసుకు వెళ్లారు. ఆఫీసర్ చొక్కా చేతుల కొసలు ఖాళీగా వేలాడుతున్నాయి. ఈ జిల్లాకు బదిలీ అయి వచ్చిన రోజున ఆయన తన చేతులు ఎవరింట్లో పెట్టి వచ్చాడో అందరికీ తెలుసు.

"ఇది సదువుకున్న చెయ్యి కాదు. ఇంజినీర్ రాసింది కావాలె" అన్నాడాయన.

"ఇంజినీర్ల చేతులు కాలేజోళ్ల దగ్గర ఉంటయి సార్."

"అందుకే గదమ్మా వాటిని నమ్మేది."

రవళి చేయి రాసిన కాగితం ప్రాజెక్టు రిపోర్టుతో పాటు కాలేజీ నుంచి వచ్చి ఆఫీసులో ఉండిపోయింది. రాజవ్వ రాసింది తిరిగి వచ్చింది. ప్రాజెక్టుకు ఫస్ట్ ప్రైజ్ ఇచ్చి, శాలువా చైర్మన్‌కు కప్పారు. రవళి చేతులు మళ్లీ బీరువాలోకి వెళ్లాయి. కొన్నాళ్లకు ఒక పేలుడుతో గోడ మొత్తం లోపలికి ఒరిగి, బీడీలు చేస్తూ కూర్చున్న రాజవ్వ మీద పడింది. ప్రాణం దక్కింది. కుడిచేయి నుజ్జయితే ఆస్పత్రిలో తీసేశారు. ఆ చేయి ఒక్కటే ఆ ఇంటికి కూడు పెట్టేది.

ఆఫీసర్ విచారణకు వచ్చి, బంట్రోతు చేత రవళికి ఆ కాగితం చూపించాడు. "ఈ రాత నీదేనా?"

"నాదే సార్."

"భూమి కదల్లేదని నువ్వే రాస్తివి. మల్ల గోడెట్ల పడ్డదమ్మా?"

గోడ తనంతట తానే పడిందని రిపోర్టు తయారైంది. ఆ ఆఫీసర్‌కు సిగ్గు లేదు. వింటూ నిలబడ్డ మనకు అంతకన్నా లేదు. ఊరంతా ఆ గోడ దగ్గర చేరి, సిమెంటులో ఇసుక ఎక్కువైందని తేల్చి, అన్నాల వేళకు వెళ్లిపోయింది.

కోర్సు అయ్యాక దామోదర్ రవళికి చేతులు అతికించి పంపాడు. ఆ పూట ఆమె అన్నం కలిపి తల్లికి పెట్టాలనుకుంది. చేతులు కంచం ముందు ఆగిపోయాయి. రాజవ్వకు అర్థమైంది. ఎడమచేత్తో ముద్ద చేసి, ఎలా తినాలో చూపిస్తూ తన నోట్లో పెట్టుకుంది. రవళి చేయి అచ్చం అలాంటి ముద్దే చేసి రవళి నోట్లో పెట్టింది. రాజవ్వ కాసేపు ఆలోచించి, ఇంకో ముద్ద చేసి కూతురి నోటికి అందించింది. అప్పుడు ఆ చేయి చూసి నేర్చుకుని, తల్లి నోటికి అందించింది.

"సూపిస్తే సేస్తది. నా బిడ్డకు కొలువుకేం ఢోకా లేదు" అని రాజవ్వ పక్కింటివాళ్లతో చెప్పింది.

ఆమె మాట తప్పలేదు. రవళికి ఆ నెలలోనే ఉద్యోగం వచ్చింది.