బాత్రూంలో నల్ల పుంజు

ఆ రోజు పొద్దున్నే వాచీలు బాగుచేసే మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. డాక్టరమ్మ వచ్చేలోగా పెరట్లో బూడిదనీలం కోళ్ళు తప్ప మరో రంగు ఈక కనబడకూడదు. అంతే. ఇంత చిన్న పథకానికి ఇల్లంతా తలకిందులవుతుందని ఎవరనుకుంటారు?

మాస్టారుకి వీధిలో ‘భూతద్దం’ అని పేరు. కొట్లో కంటికి తగిలించుకున్న అద్దం ఇంటికొచ్చాక కూడా తీసేవారు కాదు, దాంతోనే కోళ్ళ ఈకలు చూసేవారు. ఏళ్ళ తరబడి ఆయనది ఒకటే యావ. ఒంటినిండా ఒకే తీరు బూడిదనీలం, ప్రతి ఈక అంచునా సన్నటి ముదురు గీత. అలాంటి పుంజు ఎట్టకేలకు ఒకటి పుట్టింది. దాన్ని చూసి, పెరటి కోళ్ళన్నీ మేలుజాతివేనని తేల్చడానికి పెంపకందార్ల సంఘం తరఫున రిటైరైన పశువుల డాక్టరమ్మ వస్తున్నారు. ఆవిడ సరేనంటే గేటుకు సంఘం వాళ్ళ రాగి పలక తగిలించుకోవచ్చు. మాస్టారు దానికి మేకు కూడా ముందే కొట్టేసి ఉంచారు, పాపం.

చిక్కల్లా ఏమిటంటే, ఆ నీలం కోళ్ళ గుడ్లలోంచే నల్లవీ, తెల్లటి ఒంటి మీద సిరా విదిలించినట్టు మచ్చలున్నవీ కూడా పుట్టేవి. మాస్టారు దృష్టిలో అవి ఇంటి పరువు తీసేవి. వాటిని ఎవరెవరికో ఇచ్చేయగా ఒక నల్ల పుంజు, ఒక మచ్చల పెట్ట మిగిలాయి. వెనక వీధిలో మందుల కొట్టాయన దగ్గర అన్నీ నల్ల కోళ్ళే. వాటిని మాస్టారు కోళ్ళ కింద జమకట్టేవారే కాదు.

మచ్చల పెట్ట మాత్రం మాస్టారి భార్యకు ప్రాణం. ఆవిడ కూర తరుగుతుంటే కాళ్ళ దగ్గరే కూర్చునేది. “బొట్టూ” అని పిలిస్తే పలికేది.

“దాన్ని ఎక్కడికీ పంపనివ్వను,” అంది ఆవిడ.

“ఈ ఒక్క పూటకేనే. సాయంత్రానికల్లా నీ కాళ్ళ దగ్గరే ఉంటుంది,” అన్నారు మాస్టారు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మనసులో ఉన్నది వేరు. స్కూలు వ్యాను నడిపే బావమరిదికి గంప అందిస్తూ గేటు దగ్గర గొంతు తగ్గించారు.

“దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్. మళ్ళీ నా కంట పడకూడదు. మీ అక్కకి చెప్పకు.”

“ఎవరికైనా పర్లేదా బావా?”

“కోసుకు తినేవాళ్ళకి మాత్రం వద్దు.”

“అయితే మనిషి ఉన్నాడులే,” అని బావమరిది వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు. గంపలోంచి మచ్చల పెట్ట తల బయటపెట్టి చూసింది. మాస్టారు అటు తిరిగి గేటు గడియ సరిచేశారు.

నల్ల పుంజు కూడా ఆ వ్యానులోనే వెళ్ళాల్సింది. అది దొరికితేగా! పెరడంతా పరుగులు పెట్టించి, చివరికి చేతికి చిక్కేసరికి గేటు ముందు డాక్టరమ్మ స్కూటర్ ఆగింది. మాస్టారుకి ఏం చెయ్యాలో తోచలేదు. పుంజును బాత్రూంలో తోసి, బయట గడియ పెట్టి, చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్ళారు.

డాక్టరమ్మ నీలం పుంజును ఒళ్ళో పెట్టుకుని రెక్క విప్పి చూశారు. మెడ ఈకలు వేళ్ళతో దువ్వారు. “బాగుంది,” అన్నారు. మాస్టారుకి కళ్ళు చెమర్చాయి.

“నల్లవీ మచ్చలవీ ఏమాత్రం పుడుతుంటాయి?” అని అడిగారావిడ.

“అబ్బే! మా ఇంట్లో అలాంటివి పుట్టనే పుట్టవమ్మా.”

“ఒక్కటి కూడానా?”

“ఒక్కటంటే ఒక్కటి లేదు. ఒట్టు!”

డాక్టరమ్మ కనుబొమలు పైకి లేచాయి. అది మెచ్చుకోలనుకుని మాస్టారు పొంగిపోయారు. సరిగ్గా అప్పుడే బాత్రూంలోంచి గట్టిగా కూత వినబడింది.

“అదేమిటి?”

“మా మామగారండీ. గొంతు సవరించుకుంటున్నారు.”

రెండో కూత ఇంకా పైస్థాయిలో వచ్చింది.

“పెద్దాయనకి గొంతు బాగా పట్టేసినట్టుందే!” అన్నారు డాక్టరమ్మ.

“పాత దగ్గండీ. ఒక్కోసారి ఊపిరాడదు.”

టీ కప్పులతో వస్తున్న భార్య చెవిన పడింది ఈ చివరి మాటే. నల్ల పుంజు కూడా వ్యానులో వెళ్ళిపోయిందనే ఆవిడ అనుకుంటోంది. “నాన్నకి ఊపిరాడటం లేదా! ఎక్కడ?” అని కేక పెట్టింది. ఊరుకోమన్నట్టు మాస్టారు కళ్ళతో బాత్రూం వైపు సైగ చేశారు. ఇంకేముంది, పళ్ళెం అక్కడే వదిలేసి ఆవిడ బాత్రూం తలుపు బాదడం మొదలుపెట్టింది.

“నాన్నా! పలుకు నాన్నా!”

లోపల రెక్కలు టపటపలాడాయి. బకెట్టు దబ్బున పడింది.

“అయ్యో, పడిపోయాడు!”

డాక్టరమ్మ పుంజును కింద వదిలేసి పరుగున వచ్చారు. “తప్పుకోండి. నేను పశువుల డాక్టర్నే గానీ, ఊపిరి ఎవరికైనా ఊపిరే,” అంటూ తలుపు మీద చెయ్యి వేసి, గడియ చూసి ఆగిపోయారు. “ఏమయ్యా మాస్టారూ! ముసలాయన్ని లోపల పెట్టి బయట గడియ వేశావా?”

ఆ గొడవలో ఆవిడ ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయింది. మాస్టారు నోరు తెరిచారు గానీ అబద్ధాలు అయిపోయాయి.

“ఎవరమ్మా పడిపోయింది?” అంటూ అప్పుడే క్షవరం చేయించుకుని, నున్నటి తలతో మామగారు గుమ్మంలోకి వచ్చారు. అందరి మొహాలూ చూసి కంగారుపడ్డారు. “అల్లుడుగారూ, నాకేమైనా అయిందా?”

భార్య గడియ తీసేసింది. ఒళ్ళంతా సబ్బు నురగతో నల్ల పుంజు మామగారి నున్నటి తల మీదుగా ఎగిరి, తిన్నగా పెరట్లో నీలం పుంజు మీద పడింది. విడదీసేసరికి మాస్టారి ఏళ్ళనాటి కల తోక లేకుండా నిలబడి ఉంది.

డాక్టరమ్మ కింద పడ్డ ఈకను తీసి వెలుతురులో తిప్పి చూశారు.

“రంగు అసలైనదే. మీ మాటే కల్తీ. నీలం నీలం జతకడితే సగమే నీలం వస్తాయి. మిగతావి నల్లవీ మచ్చలవీ కాక తప్పదు. అవి పుట్టవని ఒట్టేశారంటే కోళ్ళకి రంగైనా వేసుండాలి, అబద్ధమైనా ఆడుతుండాలి. నేను చూడాలనుకున్నది కూడా వాటినే. మచ్చల పెట్టను నల్ల పుంజుతో కలిపితే పుట్టిన పిల్ల పుట్టినట్టు నీలమే అవుతుంది. అలాంటి పెట్ట ఇంట్లో ఉంటే చాలని చెబుదామనే వచ్చాను.”

మాస్టారు నెమ్మదిగా భార్య వైపు తిరిగారు.

“ఈ నీలం పుంజు పుట్టిన గుడ్డు బొట్టుదేనండీ,” అంది ఆవిడ. “నల్ల పుంజుతో తిరిగేది. వేరేవాటి గుడ్లు పొదుగుతోందనుకున్నారు మీరు, ఆ గుడ్లూ దానివే. చెబితే విన్నారా?”

మాస్టారు ఫోను తీసి బావమరిదికి చేశారు. “ఒరే, పెట్ట ఏదిరా?”

“మందుల కొట్టాయనకిచ్చేశా బావా! ఆయనకి కోళ్ళంటే ప్రాణం కదా, కొయ్యడు. నీ కంటా పడదు.”

మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా వెనక వీధికి పరుగెత్తారు. మందుల కొట్టాయన సంగతంతా శ్రద్ధగా విన్నాడు.

“మీ ఇంట్లో మచ్చలవి పుట్టనే పుట్టవని ఎప్పుడూ అంటుంటారు కదా మాస్టారూ. మరి ఇది మీదెలా అవుతుంది?”

ఇంటికొచ్చాక భార్య పోట్లాడి ఉంటే బాగుండేది. “సాయంత్రానికి వస్తుందన్నారు,” అని మాత్రం అంది. ఆ రోజు కూర తరుగుతున్నంతసేపూ ఆవిడ కాళ్ళు ముడుచుకునే కూర్చుంది. మాస్టారుకి అన్నం సహించలేదు. రంగు కోసం ఇంట్లో ఒక ప్రాణాన్ని గెంటేశానే అని ఆయన తనను తాను తిట్టుకున్నారు. ఎంత తిట్టుకున్నా గంపలోంచి చూసిన ఆ చూపు మరపు రాలేదు.

మరుసటి ఏడాది రాగి పలక మందుల కొట్టాయన గేటుకు వచ్చింది. “నా దగ్గర నల్లవీ ఉన్నాయి, మచ్చలదీ ఉంది, చూసుకోండమ్మా,” అన్నాడట ఆయన. పెరటినిండా నీలం పిల్లలే.

మాస్టారు ఇప్పుడు రోజూ పొద్దున్నే తలనొప్పి మాత్రకని ఆ కొట్టుకు వెళతారు. వెనక తలుపు తీసి ఉంటే పెరడు కనబడుతుంది. మచ్చల పెట్ట పిల్లల్ని వేసుకుని తిరుగుతుంటుంది. ఎవరూ చూడనప్పుడు ఆయన మెల్లిగా “బొట్టూ” అని పిలుస్తారు. అది తలెత్తి చూస్తుంది గానీ రాదు.

ఈమధ్య తలనొప్పి నిజంగానే వస్తోంది.